బెణికిన కాలుతో డ్యుయాథ్లాన్: అనంతపురం రోడ్ల మీద నేర్చుకున్న పద్ధతి

పరుగు, సైకిలు, మళ్లీ పరుగు కలిసిన డ్యుయాథ్లాన్ పోటీ ఇంకా ఆరు వారాలు ఉందనగా నా ఎడమ కాలు మడత పడింది. పరుగులో అయినా కాదు, పాల ప్యాకెట్ తెచ్చుకుని వస్తూ సిమెంటు రోడ్డు అంచు దిగుతుంటే. అంచు పక్కన మట్టి వానకు జానెడు లోతు కొట్టుకుపోయింది. పాదం లోపలికి తిరిగి టక్కుమంది. పాల ప్యాకెట్‌కు ఏమీ కాలేదు. సాయంత్రానికి చీలమండ బయటివైపు నిమ్మకాయంత వాపు.

మాది పెద్ద పోటీ ఏం కాదు. సైకిళ్లు తొక్కే పాతిక ముప్పై మంది వాట్సాప్‌లో అనుకుని పెట్టుకున్నది. తాడిపత్రి రోడ్డులో 4 కిలోమీటర్ల పరుగు, 16 కిలోమీటర్ల సైకిలు, మళ్లీ 2 కిలోమీటర్ల పరుగు. మెడల్ లేదు, టైమింగ్ చిప్ లేదు, ఆఖర్న ఉగ్గాని బజ్జి మాత్రం ఉంది. ట్రయాథ్లాన్‌లో ఈత కూడా ఉంటుంది, దానికి మన వైపు కొలను దొరకడం కష్టం. డ్యుయాథ్లాన్‌కి రోడ్డు, సైకిలు, బూట్లు ఉంటే చాలు. స్విట్జర్లాండ్‌లోని జోఫింగెన్‌లో 1989 నుంచి జరుగుతున్న పోటీ ఈ ఆటలో పేరున్నది. అక్కడివాళ్లు గంటల తరబడి చేసేదాన్ని మేం బజ్జీలు చల్లారకముందే ముగిస్తాం.

గాయం ఉండగా ఇలాంటిదానికి వెళ్లొచ్చా? కొన్ని గాయాలతో వెళ్లొచ్చు. నేను వెళ్లాను, పూర్తి చేశాను, చివరి పరుగులో చాలావరకు నడిచాను. ఏ కిలోమీటరు దగ్గర ఏం చేయాలన్నది పోటీ రోజు తేల్చుకోకుండా ముందే కాగితం మీద పెట్టుకోవడమే ఇందులో అసలు పని. మిగతాదంతా దానికి సన్నాహం.

మొదటి అడుగు: ఇది వెళ్లదగ్గ గాయమేనా?

కాలు మడత పడిన వెంటనే, ఆ తర్వాత డాక్టరు ముందు కూడా, నాలుగు అడుగులు వేయలేకపోతే ఎక్స్‌రే తీయించాలి. కుంటుతూ వేసినా అవి అడుగులే. రెండు వైపులా పొడుచుకొచ్చే చీలమండ ఎముకల వెనక అంచున, కింది 6 సెంటీమీటర్ల మేర నొక్కితే నొప్పి పుట్టినా ఎక్స్‌రే కావాలి. కెనడాలోని ఒట్టావాలో డాక్టర్లు తయారుచేసిన ఈ నియమాలనే ఎమర్జెన్సీ వార్డుల్లో వాడతారు.

మన వైపు కాలు బెణికిందనగానే ఇంట్లో ముందు వినపడే మాట పుత్తూరు కట్టు. మా అత్త కూడా అదే అంది. నేను కట్టును తక్కువ చేయను, దాంతో తిరిగి లేచినవాళ్లను చూశాను. కానీ లోపల ఎముక చిట్లిందో లేదో ఎక్స్‌రే చెప్పాకే ఏ కట్టయినా. పోటీకి వెళ్లాలనుకునేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. కట్టు కింద ఏముందో తెలియకుండా పరుగు మొదలుపెట్టకూడదు.

అసలు పేరే ఇవ్వకూడని గాయాలూ ఉన్నాయి. మోకాలి కింది ముందు ఎముక మీద ఒకేచోట వేలు పెట్టి చూపించగలిగే నొప్పి ఉండి, రాత్రి పడుకున్నా సలిపితే అది స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే ఎముకలో సన్నని పగులు, కావచ్చు. దాంతో పరుగెత్తితే ఎముక పూర్తిగా విరిగిపోవచ్చు. మోకాలు మధ్యలో లాక్ అయిపోవడం, పట్టు తప్పి కూలబడటం, ఒక్క పిక్క మాత్రమే వాచి వేడెక్కడం, పాదం మొద్దుబారడం ఉన్నా డాక్టరు చూసే వరకు పరుగు, సైకిలు రెండూ బంద్. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకు ఒక హెచ్చరిక. కింద నేను చెప్పే నొప్పి లెక్క మీకు పనికిరాదు. నొప్పే తెలియని కాలికి లెక్క ఎక్కడిది?

నాకు ఎక్స్‌రేలో ఎముక బాగానే ఉంది. ఎముకలను కలిపి పట్టి ఉంచే లిగమెంటు కొంత చినిగిందని, రెండో స్థాయి బెణుకని డాక్టరు చెప్పాడు. అది మామూలుగా మూడు నుంచి ఆరు వారాలు తీసుకుంటుంది. నా చేతిలో సరిగ్గా ఆరే ఉన్నాయి.

నొప్పికి నంబరు పెట్టుకోవడం

ఫిజియో నేర్పినవాటిలో నాకు అన్నిటికన్నా పనికొచ్చింది ఇదే. నొప్పి అసలు లేకపోతే 0, భరించలేనంత ఉంటే 10. వ్యాయామం చేసేటప్పుడు 2 దాకా ఉంటే కొనసాగించొచ్చు. 3 నుంచి 5 మధ్య ఉంటే వేగం తగ్గించాలి, పరుగైతే నడకకు దిగాలి. 5 దాటితే ఆపేయాలి. దీనికి రెండు షరతులు. మర్నాడు పొద్దున్నే లేచి వేసే మొదటి అడుగులో నంబరు నిన్నటికన్నా పెరగకూడదు. నంబరు ఎంతయినా సరే, నడక తీరు మారి కుంటడం మొదలైతే ఆ రోజుకు అయిపోయినట్టే. కుంటుతూ పరుగెత్తేవాడు బాగున్న కాలి మోకాలిని కూడా పాడుచేసుకుంటాడు.

నేను క్యాలెండర్ మీద పాల లెక్క పక్కనే రోజూ ఈ నంబరు రాశాను. మొదటి రోజు 7, పదో రోజుకు 3. అక్కడ వారం పాటు కదల్లేదు. చాలామందికి సరిగ్గా ఇక్కడే విసుగొచ్చి ఏదో ఒక తప్పు చేస్తారు.

ఆరు వారాలు ఎలా గడపాలి

మొదటి రెండు మూడు రోజులు కాలు ఎత్తులో పెట్టుకుని, క్రేప్ బ్యాండేజ్ చుట్టుకుని, అవసరమైనంతే నడవడం. ఐసు గురించి చిన్న ముచ్చట. విశ్రాంతి, ఐసు, బిగుతు కట్టు, కాలు ఎత్తడం అనే సూత్రానికి 1978లో ఇంగ్లీషులో పొట్టిపేరు పెట్టిన అమెరికా డాక్టరు గేబ్ మిర్కిన్, దాదాపు మూడున్నర దశాబ్దాల తర్వాత తన మాట తనే మార్చుకున్నాడు. ఐసు, పూర్తి విశ్రాంతి కోలుకోవడాన్ని ఆలస్యం చేయొచ్చన్నాడు. నొప్పి తట్టుకోలేనప్పుడు పది నిమిషాలు ఐసు పెట్టుకుంటే కొంపేం మునగదు. వారమంతా మంచం మీద పడుకోవడమే నష్టం.

మొదటి వారం చివర్లో కూర్చుని బొటనవేలితో గాలిలో అక్షరాలు రాయడం మొదలుపెట్టాలి. ఇంగ్లీషు అక్షరాలు రాయమని ఫిజియో అన్నాడు గానీ, నేను అ నుంచి ఱ వరకు తెలుగులోనే రాశాను. మన అక్షరాలు గుండ్రంగా ఉంటాయి కాబట్టి చీలమండ అన్ని వైపులా తిరుగుతుంది. ‘ఋ’ రాసేసరికి నిజంగానే చెమట పట్టింది.

రెండో వారంలో సైకిలు. చదును రోడ్డు, తేలిక గేరు, 20 నిమిషాలు. పరుగులో పాదం నేలను తాకిన ప్రతిసారీ మన బరువుకు రెండు మూడు రెట్లు కాలి మీద పడుతుంది. సైకిల్లో ఆ దెబ్బ ఉండదు. అందుకే కాలికి దెబ్బ తగిలినవాడికి మిగతా ఆటల కన్నా డ్యుయాథ్లాన్ నయం. పరుగు ఆగిపోయినా దమ్ము తగ్గకుండా సైకిలు కాపాడుతుంది. మూడో వారానికి 45 నిమిషాలు తొక్కాను. దాంతోపాటు పళ్లు తోముకున్నంతసేపు బెణికిన కాలి మీద ఒంటికాలితో నిలబడటం. మొదట గోడ పట్టుకుని, తర్వాత వదిలేసి, ఆఖరికి కళ్లు మూసుకుని. బెణికిన చోట లిగమెంటుతో పాటు పాదం ఎటు వాలుతోందో చెప్పే నరాల చురుకు కూడా దెబ్బతింటుంది. అది తిరిగి రాకపోతే అదే కాలు మళ్లీ మడత పడుతుంది.

పరుగు మొదలుపెట్టేముందు ఇంట్లో నాలుగు పరీక్షలు చేసుకోవాలి. గోడకు ఎదురుగా నిలబడి బొటనవేలు గోడకు 10 సెంటీమీటర్ల దూరంలో ఉంచి, మడమ లేవకుండా మోకాలితో గోడను తాకాలి. రెండు కాళ్లకూ దాదాపు ఒకే దూరం రావాలి. ఒంటికాలి మీద మడమ ఎత్తి దించడం మంచి కాలితో ఎన్నిసార్లు చేయగలిగితే, బెణికిన కాలితో అందులో పదింట తొమ్మిది వంతులు చేయాలి. ఒంటికాలి మీద 30 సెకన్లు తూలకుండా నిలబడాలి. ఈ మూడూ కుదిరితేనే నాలుగోది: నిలబడ్డచోటే అదే కాలి మీద పది గెంతులు, నొప్పి 2 లోపే. నేను మూడో వారంలో గెంతు దగ్గర ఫెయిలయ్యాను. నాలుగో వారంలో పాసయ్యాను.

నాలుగో వారం నుంచి ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, ఇలా ఎనిమిదిసార్లు, రోజు విడిచి రోజు. మా ఊరి పోలీసు ట్రైనింగ్ కాలేజీ (పీటీసీ) గ్రౌండ్ లాంటి చదును మట్టి నేల దొరికితే రోడ్డు కన్నా అదే మేలు. ఐదో వారంలో మూడు నిమిషాల పరుగు, ఒక నిమిషం నడక. ఆ వారంలోనే ఒకరోజు 10 కిలోమీటర్లు సైకిలు తొక్కి, దిగిన వెంటనే కిలోమీటరు పరుగెత్తాలి. సైకిలు దిగాక కాళ్లు కొయ్య కాళ్లలా ఉంటాయి, ఎవరివో అరువు తెచ్చుకున్నట్టు. ఆ అనుభవం పోటీ రోజు మొదటిసారి కలగకూడదు. ఆరో వారం తేలికగా గడిపి, ఆఖరి రెండు రోజులు నడక మాత్రమే.

బెణుకు కాకపోతే

మోకాలి చిప్ప ముందు నొప్పి ఉన్నవాళ్లు మెట్లు దిగడం, బరువు గేరు తొక్కడం తగ్గించి సీటు కాస్త పైకి జరపాలి. సీటు కిందికి ఉంటే మోకాలు ఎక్కువ వంగి చిప్ప మీద ఒత్తిడి పెరుగుతుంది. మోకాలి బయటివైపు నొప్పి, అంటే తొడ పక్కనుంచి మోకాలి దాకా దిగే ఐటీ బ్యాండ్ అనే పట్టీ నొప్పి, ఉంటే దీనికి ఉల్టా: మరీ ఎత్తు సీటు పనికిరాదు, దిగుడు రోడ్డులో పరుగు వద్దు. పొద్దున మొదటి అడుగుకే మడమ కింద గుచ్చే నొప్పి ఉన్నవాళ్లు, మడమ వెనక, అంటే అకిలీస్, నొప్పి ఉన్నవాళ్లు పెడల్ మీద మునివేళ్ల కన్నా పాదం మధ్యభాగం ఉంచితే పిక్క మీద భారం తగ్గుతుంది. వీటన్నిటికీ నంబరు పద్ధతి ఒకటే.

సైకిలు సర్దుబాటు

సీటు మీద కూర్చుని మడమను కింది పెడల్ మీద పెడితే కాలు తిన్నగా రావాలి. మామూలుగా తొక్కేటప్పుడు పాదం ముందుభాగం పెడల్ మీద ఉంటుంది కాబట్టి మోకాలు తగినంత వంగుతుంది. నాకు చీలమండ బాగలేదు గనక దీని కన్నా వేలు మందం కిందికి దించాను. సీటు ఎత్తుగా ఉంటే పెడల్ అందుకోవడానికి మునివేళ్లు కిందికి చాస్తాం. బెణికిన లిగమెంటు సాగేది సరిగ్గా ఆ భంగిమలోనే.

పెడల్‌కు బిగుసుకునే క్లిప్ బూట్లు మీకు ఉన్నా ఈసారి ఇంట్లో వదిలేయండి. వాటిలోంచి పాదం తీయాలంటే మడమ పక్కకు తిప్పాలి. మామూలు బల్లపరుపు పెడళ్లు, పరుగు బూట్లతోనే సైకిలు. బూట్లు మార్చే పని కూడా తప్పుతుంది.

ఇంకో సంగతి నాకు నాలుగో వారంలో గానీ తట్టలేదు. మనలో చాలామంది సైకిలు ఎడమవైపే దిగుతాం, ఒళ్లంతా ఎడమ కాలి మీద పడుతుంది. నాకు బెణికింది ఆ కాలే. ఇరవై ఏళ్లుగా ఎడమవైపు దిగే అలవాటును మార్చడానికి ఇంటి ముందు రోజూ పదిసార్లు కుడివైపు దిగి ప్రాక్టీస్ చేశాను. ఎదురింటి పిల్లాడు “అంకుల్ సైకిలు నేర్చుకుంటున్నాడు” అని వాళ్లమ్మకు చెప్పాడు.

పంక్చర్ సామాను తప్పనిసరి. మన రోడ్ల అంచున కంపచెట్ల ముళ్లు, పల్లేరు కాయలు ఉంటాయి. మామూలు రోజుల్లో పంక్చర్ పడితే తోసుకుంటూ వచ్చేస్తాం. బెణికిన కాలితో మూడు కిలోమీటర్లు సైకిలు తోసుకొస్తే ఆరు వారాల జాగ్రత్త ఆ ఒక్క గంటలో పోతుంది. ట్యూబు, పంపు, టైరు లీవర్లు పెట్టుకుని, అంచు వదిలి తారు మీదే తొక్కాలి.

నిర్వాహకులతో ముందే మాట్లాడండి

చిన్న పోటీల్లో ఉన్న సుఖం ఇదే, అడిగితే కాదనరు. నాకు గాయం ఉంది, నడుస్తాను, మధ్యలో ఆగిపోవచ్చు అని రెండు రోజుల ముందే చెప్పాను. “కానీ అప్పా, కానీ, వెనక స్కూటర్ పంపిస్తాం” అన్నారు. ఇద్దరు కలిసి రిలేగా చేయడం ఇంకో దారి: ఒకరు రెండు పరుగులూ, ఇంకొకరు సైకిలు. పరీక్షల్లో గెంతు పాస్ కాకపోయి ఉంటే నేను అదే చేసేవాణ్ణి. ఆ మాట కూడా ముందే చెప్పి ఉంచాను.

ముందురోజు రాత్రి పోస్టుకార్డంత అట్టముక్క మీద మూడు వాక్యాలు రాసి సైకిలు హ్యాండిల్‌కు టేపు వేశాను. “మొదటి పరుగు 3 నిమిషాలు, నడక 1 నిమిషం. సైకిల్లో నొప్పి 3కి వస్తే గేరు తగ్గించు, 5 దాటితే స్కూటర్. రెండో పరుగులో కాలు దేనికైనా తగిలి తడబడితే ఇక నడకే.” అవే మూడు వాక్యాలు ఫోనులో మా ఆవిడకు పంపాను. ఆమె “చూస్తా” అని జవాబిచ్చింది. ఆ ఒక్క మాటకు ఎంత పవర్ ఉందో పెళ్లయినవాళ్లకు చెప్పక్కర్లేదు.

పోటీ రోజు

పొద్దున 4:30కి ఒక గ్లాసు రాగి జావ, ఒక అరటిపండు. చీలమండకు తాళ్లతో బిగించే బ్రేస్. ఇంతకుముందు బెణికిన కాలికి బ్రేస్ వేస్తే మళ్లీ బెణికే అవకాశం తగ్గుతుంది. కానీ కొత్త బ్రేస్ ఆ రోజే వేసుకోకూడదు, బొబ్బలు వస్తాయి.

నొప్పి మాత్ర మాత్రం వేసుకోకండి. మెడికల్ షాపులో అడిగితే డైక్లోఫినాకో ఇబుప్రొఫెనో ఇచ్చేస్తారు. రెండు సమస్యలు. మాత్ర వేసుకున్నాక మీ నంబరు అబద్ధం చెబుతుంది. పైగా ఎండలో చెమట కారి ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఈ మాత్రలు కిడ్నీలకు రక్తం తగ్గిస్తాయి. మాత్ర వేసుకుంటే తప్ప స్టార్ట్ లైన్ దాకా రాలేని కాలు పోటీకి సిద్ధంగా లేదన్నమాటే. దాహానికి ఓఆర్ఎస్ తీసుకెళ్తే పెద్ద ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలోనే కలపాలి. గ్లాసెడు నీళ్లలో చిక్కగా కలుపుకుని తాగేవాళ్లను చూశాను, అది కడుపు పాడుచేస్తుంది.

మొదటి పరుగులో అందరి కన్నా వెనక నిలబడండి. గుంపులో ముందు నేల కనపడదు. రోడ్డు ఏ అంచున పరుగెత్తాలన్నది కూడా ఆలోచించాల్సిందే. వాన నీళ్లు పోవడానికి రోడ్డు మధ్యలో ఎత్తుగా, అంచులకు వాలుగా ఉంటుంది. ఎడమ అంచున పరుగెత్తితే ఎడమ పాదం బయటి అంచు కిందికి వాలుతుంది, అంటే అది బెణికిన వైపుకే. నా ఎడమ కాలికి కుడి అంచు మంచిది. ఎదురుగా వచ్చే బండ్లు కూడా కనపడతాయి. మీకు కుడి కాలు బెణికితే వీలైనంత రోడ్డు మధ్య చదునులో, బండ్లు ఆపించిన చోట మాత్రమే పరుగెత్తండి.

పరుగు నుంచి సైకిలుకు మారే చోట హెల్మెట్ బకిల్ పెట్టుకున్నాకే సైకిలు ముట్టుకోవాలి. తిరిగొచ్చాక సైకిలు నిలబెట్టాకే బకిల్ తీయాలి. పెద్ద పోటీల్లో ఇది నియమం, చిన్నవాటిలో కూడా పాటించడం మంచిది. సైకిలెక్కే గీత దాకా తోసుకుంటూ నడవండి. కంకర మీద పరుగెత్తి గెంతి ఎక్కేవాళ్లను చూసి ఉడుక్కోవద్దు.

ఇక గాలి. శ్రావణం వచ్చినా మాకు ఆషాఢం గాలి ఇంకా పోలేదు. ఈ కాలంలో అనంతపురం మీద గాలి పడమటి నుంచి వీస్తుంది, తాడిపత్రి ఈశాన్యంలో ఉంది. బుక్కరాయసముద్రం దాటాక వీపు మీద గాలి తోస్తుంటే పెడల్ వేయకపోయినా సైకిలు పోతున్నట్టుంటుంది. ఆ 8 కిలోమీటర్లూ నేను హీరోననుకున్నాను. యూటర్న్ తీసుకోగానే గాలి మొహం మీద కొట్టింది. వేగం సగానికి పడిపోయింది, పక్కన శెనక్కాయ చేలు తప్ప గాలికి అడ్డమే లేదు. ఇక్కడ పళ్లు బిగించి బరువు గేరు తొక్కితే చీలమండ, మోకాలు రెండూ దెబ్బతింటాయి. తేలిక గేరుకు దిగి, 15 సెకన్లలో కుడి మోకాలు 20 సార్లు పైకి లేచేలా తొక్కాలి. వేగం ఎంతయితే అంత. సీటు మీంచి లేచి తొక్కొద్దు. గాలి తప్పించుకోవడానికి ముందువాడి చక్రానికి అంటుకుని పోవద్దు, అతను బ్రేక్ వేస్తే మీరు కాలు కింద పెట్టాల్సి వస్తుంది.

రెండో పరుగు చిన్నదే గానీ బెణికిన కాలికి ఇదే ప్రమాదం. అలసిన కాలు తక్కువ ఎత్తు లేస్తుంది, చిన్న రాయికి కూడా వేళ్లు తట్టుకుంటాయి. నాకు 600 మీటర్ల దగ్గర తట్టుకుంది. పడలేదు, నంబరు 4కి పోయింది. అట్టముక్క సైకిలు మీదే ఉండిపోయింది గానీ అందులో రాసింది గుర్తుంది. నడక మొదలుపెట్టాను. రిటైరైన సారు ఒకాయన నన్ను దాటుతూ “ఏమప్పా, నడుస్తాండావే!” అన్నాడు. “కాలు సార్” అన్నాను. “మంచిపని” అని సాగిపోయాడు.

చివరి 200 మీటర్లలో అందరూ చప్పట్లు కొడతారు. కాళ్లు వాటంతటవే పరుగెత్తాలని చూస్తాయి. చప్పట్లకు పరుగెత్తకండి. ఫినిష్ గీతను నడుచుకుంటూ దాటినా ఉగ్గానిలో నిమ్మకాయ పిండేటప్పుడు ఎవరూ టైమ్ అడగరు.

తర్వాత

కూర్చునే ముందు ఐదు నిమిషాలు మెల్లగా నడవండి. ఇంటికెళ్లాక కాలు ఎత్తులో పెట్టుకుని వాపు చూసుకోండి. వాపు కొత్తగా వచ్చినా, బరువు మోపలేకపోయినా మళ్లీ డాక్టరు దగ్గరికే. అలాంటివేమీ లేకపోతే అసలు ఫలితం మర్నాడు పొద్దున్నే మంచం దిగి వేసే మొదటి అడుగులో తెలుస్తుంది. పోటీకి ముందురోజు నా నంబరు 1. పోటీ మర్నాడు 3. అంటే నేను చేసింది కాస్త ఎక్కువే. క్యాలెండర్‌లో రాసుకుని రెండో వారం షెడ్యూలుకు వెనక్కి వెళ్లాను. మూడో రోజుకు 1కి దిగింది. ఆ రోజు 20 నిమిషాలు సైకిలు తొక్కాను, పరుగు వారం తర్వాతే మొదలుపెట్టాను.